కాష్మోరా నన్నెందుకు భయపెట్టలేదు?

ముక్త్యాలలో మా పెద్దమ్మ దగ్గర ఒక బైండు పుస్తకం ఉండేది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వస్తుంటే వారం వారం పేజీలు చింపి దాచి, జగ్గయ్యపేటలో బైండు చేయించింది. ఏడో తరగతిలో అడిగితే ‘వద్దురా, రాత్రిళ్లు పడుకోలేవు’ అని బీరువా మీద పెట్టేసింది. ఇక చూస్కోండి, కోట దగ్గర ఆడుకుంటూ చీకటిపడితే ఏ చప్పుడైనా నాకు కాష్మోరానే!

మొన్న సంక్రాంతికి మళ్లీ అడిగితే నవ్వుతూ ఇచ్చింది. ఒక రాత్రి, ఒక పగలు పట్టింది. నిజం చెప్పాలంటే నిరాశే మిగిలింది.

శ్రీధర్, శారదల కూతురు తులసి. ఆ పసిపిల్ల మీద కాష్మోరా ప్రయోగం. మొదలు బాగుంది, ఒప్పుకోవాలి. కానీ ఇది వారానికోసారి చదవాల్సిన కథ. గుండె ఆగేలా ఒక వాక్యం దగ్గర ఆపి, పాఠకుణ్ణి ఏడు రోజులు వేలాడదీస్తుంది. నేను ఆగలేదు, పేజీ తిప్పేశాను. భయం అక్కడే జారిపోయింది. పైగా హాస్టల్లో ‘ఎగ్జార్సిస్ట్’ చూసినవాణ్ణాయె.

అసలు చిరాకు వేరే. ఒకపక్క హిప్నాటిజం, ఇంకోపక్క మంత్రాలు. పాపను ఏది కాపాడిందో మీరే తేల్చుకోండి అన్నట్టు వదిలేస్తారు. రెండు మార్పులు ఒకేసారి చేసి ‘బగ్ పోయింది సార్’ అంటే మా టీమ్ లీడ్ ఊరుకుంటాడా? ఏది పనిచేసిందో చెప్పమంటాడు.

ఇదే మాట పెద్దమ్మతో అన్నాను, నవ్వుతుందనుకుని. నవ్వలేదు.

ఆ సీరియల్ వస్తున్న రోజుల్లో తాముండే వీధిలో ఒంటరి ముసలమ్మ ఉండేదట. మజ్జిగ అమ్ముకునేది. ఎవరి గుమ్మం ముందు నిమ్మకాయ కనబడినా ఆమె పేరే. ఒక పిల్లాడికి జ్వరం తగ్గకపోతే జనం ఆమె ఇంటి మీదికెళ్లి నానా మాటలూ అన్నారు. ‘నేనూ ఆవిడ దగ్గర మజ్జిగ మానేశాను. అది టైఫాయిడ్ అని నందిగామ డాక్టరు చెప్పాక కూడా ఒక్కరం వెళ్లి తప్పైపోయిందని అనలేదురా’ అంది.

ఆ నవల రాకపోయినా ఆ వీధి అలాగే ఉండేదేమో. నేరమంతా పుస్తకం మీద వెయ్యలేను. కానీ రంగనాయకమ్మ గారు ఈ నవలను తీవ్రంగా విమర్శించారని విన్నప్పుడు, కథకి అంత గొడవెందుకు అనుకున్నాను. ఇప్పుడలా అనుకోను. ‘మీరే తేల్చుకోండి’ అని రచయిత వదిలేసిన చోట, ఆ వీధి ఒక రకంగా తేల్చేసుకుంది.

బయల్దేరేటప్పుడు పుస్తకం తిరిగివ్వబోతే పెద్దమ్మ తీసుకోలేదు. ‘నీ దగ్గరే ఉంచుకో’ అంది. ఇప్పుడది హైదరాబాద్‌లో నా అలమరాలో, జావా పుస్తకాల పక్కన ఉంది. మజ్జిగ ముసలమ్మ పేరేమిటని మాత్రం అడగడం మర్చిపోయాను. ఈ ఆదివారం ఫోన్ చేసి అడగాలి.