ఇల్లు ఖాళీగానే ఉంటది, పేరు చెప్పాకే లేదంటారు

భీమ్‌గల్‌ నుంచి ఒక కుటుంబం పిల్లల చదువు కోసం నిజామాబాద్‌కు మారాలనుకుంది అనుకుందాం. నాన్న గల్ఫ్‌లో, అమ్మ బీడీలు చుడుతది. కాలేజీకి దగ్గర్లో టూ-లెట్‌ బోర్డు చూసి ఫోన్‌ చేస్తారు. కిరాయి ఎంత, నీళ్లు ఎట్ల వస్తయి, అడ్వాన్స్‌ ఎన్ని నెలలది, అన్నీ కుదురుతయి. చివర్లో "మీ పేరేంది?" అని అడుగుతారు. చెప్పగానే "మా చుట్టాలకు ఇచ్చేసినం" అంటారు. వారం తర్వాత చూస్తే బోర్డు అక్కడే వేలాడుతుంటది.

మనలో చాలామందికి ఇది కొత్త కాదు. మరి దీన్ని చట్టం ఒప్పుకుంటుందా? మనం ఏం చేయొచ్చు?

సర్వేలు ఏమంటున్నయి?

జస్టిస్‌ రాజిందర్‌ సచార్‌ కమిటీ 2006లోనే ఈ మాట రాసింది. భద్రత గురించిన భయంతో ముస్లింలు ఒకే బస్తీల్లో సర్దుకుంటున్నారని, నచ్చినచోట ఇల్లు కొనడం, కిరాయికి తీసుకోవడం కష్టమవుతోందని చెప్పింది. ఢిల్లీ, దాని చుట్టుపక్కల పట్టణాల్లో చేసిన ఒక పరిశోధన 2015లో అచ్చయింది. వేర్వేరు పేర్లతో ఇంటి ఓనర్లకు ఫోన్లు చేసి చూశారు. అగ్రకులాల పేరుకు ఎవరూ కాదనలేదు. దళిత పేరుకు వందలో సుమారు 18 మంది, ముస్లిం పేరుకు సుమారు 31 మంది కాదన్నారు. అంటే ఈ బాధ మన ఒక్కరిదే కాదు.

చట్టం ఎక్కడ ఆగుతోంది?

రాజ్యాంగం 15వ అధికరణ మతం, కులం పేరిట వివక్ష చూపొద్దని ప్రభుత్వానికి చెప్తుంది. దుకాణాలు, హోటళ్లు, బావుల దగ్గర ఎవరినీ ఆపొద్దని కూడా అంటుంది. కానీ సొంత ఇల్లు ఎవరికి కిరాయికివ్వాలనే మాట అందులో లేదు. అహ్మదాబాద్‌లోని ఒక పార్సీ హౌసింగ్‌ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు 2005లో, సభ్యత్వం తమ సమాజానికే అనే నియమాన్ని తప్పు పట్టలేదు.

మన రాష్ట్రంలో ఉన్న 1960 నాటి అద్దె చట్టం ముఖ్యంగా కిరాయి ఎంత, ఎప్పుడు ఖాళీ చేయించొచ్చు అన్న విషయాలే చూస్తుంది. కేంద్రం 2021లో పంపిన నమూనా అద్దె చట్టంలోనూ వివక్ష ఊసు లేదు. అమెరికాలో అయితే మతం, జాతి చూసి ఇల్లు ఇవ్వననడాన్ని 1968లోనే చట్టం చేసి చాలావరకు నిషేధించారు. మన దగ్గర కుండూ కమిటీ 2014లో వివక్ష నిరోధక చట్టం కావాలని సిఫారసు చేసింది. అది ఇంకా రాలేదు.

నష్టం ఎవరికి?

అందరూ ఒకే మొహల్లాలో ఇల్లు వెతికితే అక్కడ కిరాయి పెరుగుతది, గదులు ఇరుకవుతయి, మోరీలు నిండుతయి. మంచి స్కూలు దూరమైతది. పక్కింటి పండుగ తెలియకుండానే పిల్లలు పెద్దవుతారు.

బోధన్‌లో నిజాం షుగర్‌ ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు క్వార్టర్‌ దొరికిన కార్మికుడు ఏ ఓనర్‌ గడప తొక్కనక్కర లేకపోయింది. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడింది. ఉద్యోగం పోవడం అంటే ఇంటి భరోసా కూడా పోవడమే.

మన వైపు అడ్డంకులు

కొన్ని మన చేతిలోనే ఉన్నయి. తాత పేరు మీదున్న ఇల్లు పంచుకోరు, పేర్లు మార్పించరు. సగం కొనుగోళ్లు తెల్ల కాగితం మీదే. వడ్డీ వద్దనుకునే కుటుంబాలకు బ్యాంకు లోన్‌ దారి కూడా మూసినట్టే. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. మన ఇల్లు కిరాయికిచ్చేటప్పుడు మనమూ కులం, మస్లక్‌ అడుగుతలేమా?

ఇప్పుడేం చేయాలి?

కిరాయి మాట కుదిరితే కాగితం రాయించుకోండి. ఏడాది దాటే కిరాయి ఒప్పందాన్ని రిజిస్టర్‌ చేయించాలి. అందుకే చాలామంది 11 నెలలకు రాస్తారు. కిరాయి, అడ్వాన్స్‌ బ్యాంకు ద్వారానో ఫోన్‌పే ద్వారానో కడితే రుజువు ఉంటది. ఊర్లో మీకు తెలిసిన టీచర్‌నో, షాపు ఓనర్‌నో ముందు మాట్లాడమనండి. పేరు వినకముందే మనిషి గురించి తెలిస్తే చాలా తలుపులు తెరుచుకుంటయి.

ప్రభుత్వ పథకాల్లో మాత్రం 15వ అధికరణ నేరుగా పని చేస్తుంది. ఇందిరమ్మ ఇళ్ల కింద మొదటి విడతలో సొంత స్థలం ఉన్న పేదలకు 5 లక్షల సాయం, ఇల్లు మహిళ పేరు మీద. స్థలం కాగితాలు ఇప్పుడే సరిచేసుకోండి. జాబితాలో పేరు రాకపోతే నోటిమాటతో ఊరుకోవద్దు. రాతపూర్వకంగా అడగండి, సమాచార హక్కు దరఖాస్తు వేయండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. మతం కారణంగానే ఆపారనిపిస్తే మైనారిటీస్‌ కమిషన్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

ప్రైవేటు ఓనర్‌ను నిలదీసే చట్టం ఇంకా లేదు. అది కావాలని ఓటు అడగడానికి వచ్చే ప్రతి నాయకుడినీ అడగాలి. అంతవరకు మన ఇంటికి వేసే టూ-లెట్‌ బోర్డు మాత్రం అందరికీ ఒకేలా ఉండేలా చూసుకుందాం.