గోవాకు ముందు ఒక చిన్న పరీక్ష

హోసూరు: ఈత... సైకిలు... పరుగు. ఒకదాని వెనుక ఒకటి, మధ్యలో విరామం లేకుండా. ఇదే ట్రయథ్లాన్. ఒలింపిక్స్ వచ్చినప్పుడు టీవీలో కనపడితే తప్ప మన వైపు ఒకప్పుడు ఎవరికీ పట్టని ఆట ఇది. ఇప్పుడు హోసూరు, బెంగళూరు, చెన్నైల్లో ఉద్యోగాలు చేసుకునే ముప్ఫై, నలభై ఏళ్ల వాళ్లు కోడి కూయక ముందే లేచి దీనికోసం సాధన చేస్తున్నారు. వారిలో చాలామంది కన్ను గోవా మీదే. అక్కడ జరిగే ‘ఐరన్‌మ్యాన్ 70.3’ పూర్తి చేయాలన్నది కోరిక. కోరిక మంచిదే. కానీ నేరుగా వెళ్లి ఆ సముద్రంలో దూకడం మంచిది కాదు. ముందుగా దగ్గరలో జరిగే స్ప్రింట్ ట్రయథ్లాన్‌లో ఒకసారి దిగాలి. పతకం కోసం కాదు. మన ఒంటి సంగతి మనకు తెలియడం కోసం.

గోవా పోటీకి పది వారాల ముందు నేనూ చెన్నైకి దక్షిణాన, ఈస్ట్ కోస్ట్ రోడ్డులో జరిగిన ఒక స్ప్రింట్‌లో పాల్గొన్నాను. అక్కడ తెలిసిన సంగతులు, దిగాలనుకునే వారికి పనికొచ్చే వివరాలు ఇవి.

దూరాల లెక్క

స్ప్రింట్ అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. ఒలింపిక్ దూరం దీనికి సరిగ్గా రెట్టింపు. ఈ ఆట ఒలింపిక్స్‌లోకి వచ్చింది 2000లో, సిడ్నీలో. గోవాలో జరిగేది ఇంకా పెద్దది. 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు. మొత్తం 113 కిలోమీటర్లు. మైళ్లలో చెబితే 70.3. పేరులోని అంకె అదే.

దీనికి రెట్టింపు దూరం ఉండే అసలు ఐరన్‌మ్యాన్ 1978లో హవాయి దీవుల్లో మొదలైంది. ఆ ఏడాది బరిలోకి దిగింది 15 మంది, చివరిదాకా వచ్చింది 12 మంది. గోవా పోటీ 2019 అక్టోబరులో తొలిసారి జరిగింది. కోవిడ్ వల్ల రెండేళ్లు ఆగి, 2022 నవంబరులో మళ్లీ మొదలైంది.

113 కిలోమీటర్లంటే హోసూరు నుంచి ధర్మపురి దాటి ఇంకా ముందుకు పోవాలి. ఈ సంగతి ఇంట్లో చెబితే మా అవ్వ అన్న మాట: “అంత దూరం బస్సులో పోతే పోలేదా నాయనా?”

మన దగ్గర చల్లన... అక్కడ ఉక్కపోత

హోసూరు సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తులో ఉంది. పొద్దున్నే పరుగెత్తడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. సైకిలుకు డెంకణికోట, తళి రోడ్లున్నాయి. ఎక్కుతూ దిగుతూ సాగే ఆ దారులు కాళ్లకు మంచి పని పెడతాయి. చిక్కల్లా ఏనుగులతోనే. చలికాలంలో బన్నేరుఘట్ట వైపు నుంచి మందలు జవళగిరి, డెంకణికోట, సానమావు అడవుల్లోకి వస్తాయి. ఆ నెలల్లో చీకట్లో ఒంటరిగా ఆ దారిన సైకిలు తొక్కడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. బాగా వెలుగు వచ్చాకే బయలుదేరాలి. నలుగురు కలిసి వెళ్లాలి.

అసలు కొరత నీళ్లకు. ఊరి పక్కనే దక్షిణ పెన్నపై కెలవరపల్లి డ్యాం ఉంది. ఏం లాభం? బెంగళూరు మురుగు కలిసిన నీళ్లు గేట్లు దాటగానే తెల్లటి నురగై పొంగుతున్నాయి. అందులో ఈదే మాటే లేదు. ఇక మిగిలింది 25 మీటర్ల ఈత కొలను. స్ప్రింట్ దూరానికి అందులో 30 సార్లు ఈ చివర నుంచి ఆ చివరకు పోవాలి. గోవా దూరానికి 76 సార్లు.

పల్లెల్లో పెరిగిన వాళ్లు నడుముకు బెండ్లు కట్టుకుని బావుల్లో ఈత నేర్చుకున్నారు. వాళ్లకు నీళ్ల భయం తక్కువ. అయితే బావి ఈత వేరు, దూరపు ఈత వేరు. బావిలో తల పైకెత్తి నాలుగు బారలు వేస్తే గట్టు చేతికందుతుంది. సముద్రంలో గట్టు ఉండదు. తల నీళ్లలో ఉంచి, పక్కకు తిప్పి ఊపిరి తీసుకుంటూ పోవాల్సిందే.

చల్లటి ఊళ్లో, నీలం రంగు కొలనులో చేసిన సాధన ఉక్కపోసే సముద్రతీరంలో ఎంతవరకు నిలుస్తుంది? ఇక్కడ కూర్చుంటే ఆ జవాబు దొరకదు. అందుకే 300 కిలోమీటర్లు వెళ్లి స్ప్రింట్‌లో దిగాలనుకున్నాను.

నీళ్లలో మొదటి ఐదు నిమిషాలు

ఈలగానే అందరూ ఒక్కసారిగా నీళ్లలోకి పరుగెత్తుతారు. పక్కవాడి మోచెయ్యి మన కళ్లద్దాలకు తగులుతుంది. ముందున్నవాడి కాలు మన మొహానికి తగులుతుంది. అల వచ్చినప్పుడే నోరు తెరిస్తే ఉప్పునీళ్లు గొంతులోకి దిగుతాయి. కొలనులో అడుగున కనిపించే నల్లగీత ఇక్కడ ఉండదు. అంతా మసక. గుండె దడదడ కొట్టుకుంటుంది.

నాకూ అదే జరిగింది. రెండు వందల మీటర్లు కూడా పోకముందే ఊపిరి అందలేదు. తల పైకెత్తి, వెల్లకిలా తిరిగి, కాసేపు ఆకాశం చూస్తూ తేలాను. పడవలో ఉన్న లైఫ్‌గార్డు చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. నిమిషం తర్వాత ఊపిరి దారికొచ్చింది. అప్పటి నుంచి ఆరేడు బారలకోసారి తలెత్తి, రంగు బుడగ ఎక్కడుందో చూసుకుంటూ మిగతా దూరం ఈదాను.

ఇది నవ్వుకుని వదిలేసే విషయం కాదు. అమెరికాలో 1985 నుంచి 2016 వరకు ట్రయథ్లాన్‌లలో జరిగిన మరణాలు, గుండె ఆగిపోయిన ఘటనలు మొత్తం 135ను వైద్యులు పరిశీలించి 2017లో వివరాలు ప్రచురించారు. వాటిలో 90 ఈతలోనే జరిగాయి. బాధితుల్లో ఎక్కువమంది మగవాళ్లు. శవపరీక్ష వివరాలు దొరికిన 61 మందిలో 27 మందికి గుండె, రక్తనాళాల లోపాలు బయటపడ్డాయి. పాల్గొన్నవారి సంఖ్యతో పోలిస్తే ఇవి తక్కువే. లక్ష మందికి ఇద్దరి లోపే. కానీ ప్రమాదం ఎక్కడ కాచుకుని ఉందో ఆ అంకెలు చెబుతున్నాయి. నలభై దాటినవారు, ఇంట్లో గుండె జబ్బు, బీపీ, షుగరు ఉన్నవారు ముందుగా డాక్టరు దగ్గరికి వెళ్లి పరీక్ష చేయించుకోవాలి. ఆ తర్వాతే షూస్ కొనాలి.

ఒక నియమం చాలామందికి తెలియదు. అలిసిపోతే పడవనో, బుడగనో పట్టుకుని ఆగవచ్చు. దాని సాయంతో ముందుకు కదలనంతవరకు పోటీ నుంచి తీసెయ్యరు. పరువు పోతుందని ఆగకుండా ఈదడమే తప్పు.

మార్పిడిలో గడియారం ఆగదు

నీళ్లలోంచి బయటికొచ్చి సైకిలు ఎక్కడం, సైకిలు దిగి పరుగు మొదలుపెట్టడం... ఈ రెండు మార్పిడుల్లోనూ గడియారం తిరుగుతూనే ఉంటుంది. కాళ్లకంటిన ఇసుక కడుక్కోవాలి. తడికాళ్లకు సాక్సులు ఎక్కవు. హెల్మెట్ పెట్టుకుని బకిల్ బిగించాకే స్టాండు మీది సైకిలును ముట్టుకోవాలి. గీత దాటేదాకా దాన్ని తోసుకుంటూ పోవాలి తప్ప ఎక్కకూడదు. ఇవన్నీ పుస్తకంలో చదివితే చిన్న విషయాలే. నాకు మొదటి మార్పిడికి 6 నిమిషాలు, రెండోదానికి 4 నిమిషాలు పట్టాయి.

పది నిమిషాలే కదా అనుకోవచ్చు. గోవాలో మొత్తం గడువు 8 గంటల 30 నిమిషాలు. బెంగళూరు దక్షిణ ఎంపీ తేజస్వి సూర్య 2024 అక్టోబరులో అక్కడ పోటీ పూర్తి చేసిన సమయం 8 గంటల 27 నిమిషాల 32 సెకన్లు. అంటే గడువుకు మిగిలింది రెండున్నర నిమిషాలు! సాక్సులు తొడుక్కోవడానికి పట్టే సమయం అది. ఇంటి ముందర చాప పరుచుకుని, బకెట్టు నీళ్లు పెట్టుకుని, ఈ మార్పిడిని పదిసార్లు చేసి చూసుకుంటే సగం సమయం తగ్గుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

కాళ్లు మాట వినవు

ఇరవై కిలోమీటర్ల సైకిలు 44 నిమిషాల్లో అయింది. తిరుగు దారిలో ఎదురుగాలి. తళి రోడ్డులో ఎక్కాక దిగుడు వస్తుంది, కాళ్లకు కాస్త తెరిపి. ఇక్కడ దారంతా చదును కాబట్టి తొక్కడం ఆపడానికి లేదు. సైకిలు దిగి పరుగు మొదలుపెడితే మొదటి కిలోమీటరు కాళ్లు మనవి కావనిపిస్తుంది. కొయ్యకాళ్లతో పరుగెత్తినట్లుంటుంది. అది తగ్గేది అలవాటుతోనే. వారానికోసారి సైకిలు దిగిన వెంటనే పది, ఇరవై నిమిషాలు పరుగెత్తడమే మందు.

ఉక్కపోత ఇంకో సంగతి. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. హోసూరులో కిలోమీటరుకు ఆరు నిమిషాల్లో పరుగెత్తే నాకు, అక్కడ 5 కిలోమీటర్లకు 33 నిమిషాలు పట్టింది. ఒళ్లు వేడికి అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు కావాలి. చల్లటి ఊళ్ల నుంచి వెళ్లేవారు ఆ సమయం చూసుకోవాలి. లేదంటే వేగం తగ్గించుకోవాలి. వట్టి నీళ్లు అతిగా తాగినా ముప్పే. నెత్తుట్లో ఉప్పు శాతం పడిపోతుంది. ఉప్పు, చక్కెర కలిసిన నీళ్లే మంచివి.

తిండి పరీక్షకు మాత్రం స్ప్రింట్ చాలదు. రెండు గంటల లోపు పనికి ఒంట్లో దాచుకున్న శక్తి సరిపోతుంది. ఏడెనిమిది గంటల పోటీకి చాలదు. గంటకు 60 గ్రాముల వరకు పిండిపదార్థం లోపలికి పోతూ ఉండాలి. ఖరీదైన జెల్‌లే కావాలని లేదు. అరటిపండు, బెల్లం, వేరుశనగ చిక్కీ వంటివి ఒంటికి పడతాయో లేదో ఆదివారాల్లో సైకిలు మీద మూడు నాలుగు గంటలు తిరిగేటప్పుడు చూసుకోవాలి. పోటీ రోజు కొత్త తిండి జోలికి పోకూడదు.

మార్కుల కాగితం చదవడం ఎలా?

నా మొత్తం సమయం గంటా 50 నిమిషాల 40 సెకన్లు. ఎన్నో స్థానమన్నది అనవసరం. గోవాకు ఇది ఏం చెబుతోందన్నదే అసలు ప్రశ్న.

స్ప్రింట్‌తో పోలిస్తే గోవాలో ఈత రెండున్నర రెట్లు, సైకిలు నాలుగున్నర రెట్లు, పరుగు నాలుగు రెట్ల పైచిలుకు. కాబట్టి మొత్తం సమయాన్ని ఏదో ఒక అంకెతో హెచ్చవేస్తే లెక్క తప్పుతుంది. దేనికది విడిగా చూడాలి. గంటకు 27 కిలోమీటర్లు తొక్కిన నేను 90 కిలోమీటర్లకు 25తో సరిపెట్టుకున్నా 3 గంటల 36 నిమిషాలు. పరుగు కిలోమీటరుకు 8 నిమిషాలు వేసుకున్నా 2 గంటల 49 నిమిషాలు. ఈత, మార్పిడులు కలిపితే 7 గంటల 40 నిమిషాలు. మొత్తం గడువుతో నాకు భయం లేదు.

భయమంతా ఈతతోనే. గంటా 10 నిమిషాల్లో 1.9 కిలోమీటర్లు ఈది బయటికి రాకపోతే అక్కడే ఆపేస్తారు. స్ప్రింట్‌లో 750 మీటర్లకు నాకు 23 నిమిషాల 40 సెకన్లు పట్టింది. అదే వేగం నిలబెడితే గంట. అలసట కలిపితే గంటా ఐదు. పైగా గోవా సముద్రం వెచ్చన కాబట్టి, ఒంటిని తేల్చే వెట్‌సూట్‌ వేసుకోనివ్వరు. చేతిలో ఉండేది ఐదు నిమిషాలు. ఒక్కసారి ఊపిరి తప్పి ఆగితే అవీ పోతాయి. స్ప్రింట్‌కు వెళ్లకముందు నా సాధనలో సగం సైకిలుకే పోయేది. ఇప్పుడు వారంలో నాలుగు రోజులు ఈతే.

దిగాలనుకునే వారికి...

* పెద్ద పోటీకి ఎనిమిది నుంచి పన్నెండు వారాల ముందు స్ప్రింట్ పెట్టుకోండి. లోపం తెలిస్తే దిద్దుకోవడానికి సమయం ఉంటుంది.
* పెద్ద పోటీ ఈత సముద్రంలో అయితే, స్ప్రింట్ కూడా సముద్రంలోనో చెరువులోనో జరిగేది చూసుకోండి. కొలనులో జరిగే పోటీ ఈ పరీక్షకు పనికిరాదు.
* లైఫ్‌గార్డులు, పడవలు, అంబులెన్సు ఉన్నాయా అని ముందే అడగండి. సరైన జవాబు రాకపోతే డబ్బు కట్టకండి.
* మామూలు గేరు సైకిలు చాలు. బ్రేకులు, హెల్మెట్ బాగుండాలి. పెద్ద పోటీలో ముందు సైకిలుకు 12 మీటర్ల దూరం పాటించాలి. ఆ అలవాటు ఇక్కడే చేసుకోండి.
* చెవుల్లో పాటలు పెట్టుకోనివ్వరు. సాధనలోనూ మానెయ్యండి.
* సముద్రంలో ఒంటరిగా సాధన వద్దు. ఎంత ఈతగాడైనా సరే.

గోవాకు నాలుగు వారాల ముందు ఇంకో పరీక్ష పెట్టుకున్నాను. పడవ తోడుగా సముద్రంలో 1.9 కిలోమీటర్లు, గంటా 5 నిమిషాల లోపు, ఎక్కడా ఆగకుండా. అయితే సరే. కాకపోతే ఈసారి గోవా వెళ్లేది పోటీ చూడటానికే. కట్టిన ఫీజు పోతే పోతుంది. ఈ మాట అవ్వకు కూడా చెప్పాను. బస్సు టిక్కెట్టు మాత్రం ఎలాగూ కావాలి కదా అంది.