అతిథులు వెళ్లిపోయాక పిల్లలకు ఎవరున్నారు?

యేసుప్రభువు చిన్నపిల్లలను ఎత్తి కౌగిలించుకుని, వారి మీద చేతులుంచి ఆశీర్వదించిన సంఘటన (మార్కు 10:13-16) మనందరికీ తెలిసిందే. సండే స్కూలు గోడ మీద ఆ బొమ్మ లేని చర్చి అరుదు. అయితే ఆ బొమ్మలో మనం అంతగా పట్టించుకోని వాళ్లు రెండు రకాలవాళ్లున్నారు. పిల్లలను ప్రభువు దగ్గరకు తీసుకొచ్చినవాళ్లు కొందరు, వాళ్లను అడ్డగించి గద్దించినవాళ్లు కొందరు. తీసుకొచ్చినవాళ్ల పేర్లు కూడా మార్కు రాయలేదు. వాళ్లు ఆ ప్రాంతపు సామాన్యులు. అడ్డగించినవాళ్లు మాత్రం ప్రభువుతో కలిసి ఊరూరా తిరుగుతున్న శిష్యులు. ఇప్పటి మన భాషలో చెప్పాలంటే, బయటినుంచి వచ్చిన పరిచర్య బృందమే పిల్లలకు అడ్డం నిలబడింది. స్థానికులే వాళ్లను రక్షకుని చేతికి అందించారు. పిల్లల పరిచర్య కోసం ఊళ్లకు వెళ్లే ప్రతి బృందం బయలుదేరే ముందు ఈ సంగతిని ఒక్కసారి ధ్యానించుకోవాలి.

వేసవి సెలవులొస్తే చాలు, మన పల్లెల్లోని చర్చిలకు అతిథులు వస్తారు. కొందరు పట్నాల్లోని పెద్ద సంఘాల నుంచి, కొందరు పొరుగు రాష్ట్రాల నుంచి, ఇంకొందరు విదేశాల నుంచి. వీబీఎస్ జరుగుతుంది. రంగురంగుల బెలూన్లు, యాక్షన్ సాంగ్స్, బొమ్మలతో కథలు, చివరి రోజు బహుమతులు, గ్రూప్ ఫొటో. ఆ ఐదు రోజులో పది రోజులో ఊరంతా పండుగలా ఉంటుంది. తరువాత వ్యాన్ కదిలిపోతుంది. ఆ పై ఆదివారం పిల్లలు అదే ఉత్సాహంతో తలదువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని చర్చికొస్తారు. అక్కడ వాళ్లకోసం ఎవరూ ఉండరు. పెద్దల ఆరాధనలో వెనకాల చాప మీద కూర్చోబెట్టి, అల్లరి చేయొద్దని కసురుతారు. నాలుగు వారాలు గడిచేసరికి సగం మంది రావడం మానేస్తారు. ఖర్చు, ప్రయాస, ప్రార్థన అన్నీ పెట్టాక కూడా ఫలం నిలవలేదంటే లోపం పిల్లల్లో లేదు. వాళ్లను పట్టుకుని నడిపించే చెయ్యి ఆ ఊళ్లోనే లేకపోవడమే లోపం.

అందుకే ఈ మధ్య కాలంలో వివేకం గల బృందాలు తమ పద్ధతి మార్చుకుంటున్నాయి. పిల్లల ముందు తామే నిలబడటం తగ్గించి, ఆ ఊళ్లో ఉండిపోయే విశ్వాసులను పిల్లల ముందు నిలబెట్టేందుకు శిక్షణ ఇస్తున్నాయి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. చరిత్రలో నిలిచిన పిల్లల పరిచర్యలు చాలావరకు ఇలా వేళ్లూనుకున్నవే.

ఒక సందర్శన, పదిహేను మంది పిల్లలు

1867లో పేసన్ హామండ్ అనే అమెరికన్ సువార్తికుడు లండన్ వచ్చాడు. పిల్లలకోసం ప్రత్యేకంగా సభలు పెట్టడం ఆయన ప్రత్యేకత. పిల్లలు పెద్దయ్యాకే సువార్త గ్రహిస్తారనుకునే ఆ కాలంలో అది చాలామందికి వింతగా తోచింది. ఆ సభలతో ప్రేరణ పొందిన జోసయా స్పియర్స్ అనే యువకుడు అదే ఏడాది జూన్ 2న లండన్‌లోని ఇస్లింగ్టన్‌లో ఒక ఇంటి ముందు గదిలో పిల్లలను సమకూర్చాడు. వచ్చింది పదిహేను మంది. టామ్ బిషప్ అనే ప్రభుత్వోద్యోగి ఆయనకు తోడయ్యాడు. పిల్లల ప్రత్యేక సభల మిషన్ అలా మొదలైంది. మరుసటి ఏడాది స్పియర్స్ వేల్స్‌లోని లాండుడ్నో సముద్రతీరానికి వెళ్లినప్పుడు, దేవుని ప్రేమను గురించిన చిన్న వాక్యాన్ని ఇసుకలో పెద్ద అక్షరాలతో రాసి, వాటిని గులకరాళ్లతో, గవ్వలతో, సముద్రపు నాచుతో అలంకరించమని అక్కడ ఆడుకుంటున్న పిల్లలతో చెప్పాడు. వాళ్లు అలంకరించాక కథ చెప్పాడు. వేదిక లేదు, మైకు లేదు, బహుమతులు లేవు.

ఆ కథలో మరొకరున్నారు. ఇంగ్లండ్‌లోని కెజిక్ పట్టణంలో ఆనీ మార్స్టన్ అనే సండే స్కూలు టీచర్ ఉండేది. తన తరగతి పిల్లలు ప్రతిరోజూ ఇంట్లో బైబిలు చదవాలని ఆమె ఆశ. ఏ రోజు ఏ భాగం చదవాలో తన చేత్తోనే రాసి పిల్లలకిచ్చేది. అలా రాసివ్వడం తలకు మించిన పనై, వాటిని అచ్చు వేయించమని బిషప్‌ను అడిగింది. ఆయన మొదట వెనకాడినా ఆమె పట్టు విడవలేదు. చివరకు 1879 ఏప్రిల్ 1న స్క్రిప్చర్ యూనియన్ ప్రారంభమైంది. మన దేశంతో సహా ఎన్నో దేశాల్లో పిల్లలకు, యువతకు దినదిన బైబిలు పఠనం నేర్పిన సంస్థ వెనుక తన తరగతి పిల్లలను పేరుపేరునా ఎరిగిన ఒక స్థానిక టీచర్ ఉంది. హామండ్ వచ్చి వెళ్లాడు. స్పియర్స్, బిషప్, మార్స్టన్ అక్కడే ఉన్నారు.

అంతకు ముందు 1780లో గ్లోస్టర్ పట్టణంలో రాబర్ట్ రెయిక్స్ ఆరంభించిన సండే స్కూలు సంగతీ ఇంతే. ఆయన పత్రికాధిపతి. ఆరు రోజులు గుండుసూదుల కర్మాగారాల్లో పనిచేసి ఆదివారం వీధుల్లో తిరిగే పిల్లలను చూసి ఆయన చలించిపోయాడు. తన పత్రిక ద్వారా ఆ ఆలోచనను దేశమంతా చాటాడు. అయితే పిల్లల పక్కన కూర్చుని అక్షరాలు దిద్దించింది ఆయన కూలి ఇచ్చి నియమించిన ఆ వీధుల్లోని స్త్రీలే. 1831 నాటికి బ్రిటన్‌లో సండే స్కూళ్లకు వెళ్లే పిల్లల సంఖ్య 12 లక్షలు దాటింది. మన దేశంలో 1876లోనే ఇండియా సండే స్కూల్ యూనియన్ ఏర్పడింది.

మన దోర్నకల్ చెప్పే పాఠం

దూరం వెళ్లనక్కర్లేదు. తమిళనాట తిరునెల్వేలి ప్రాంతానికి చెందిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో మిషనరీగా దోర్నకల్ వచ్చారు. మన భాష నేర్చుకున్నారు. 1912లో అక్కడే బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. అంత విశాలమైన ప్రాంతంలో ప్రతి పల్లెకూ తానే వెళ్లి బోధించడం సాధ్యం కాదని ఆయనకు తెలుసు. గ్రామ ఉపాధ్యాయులను తయారు చేయడం మీద ఆయన శ్రద్ధ పెట్టారు. వారితోపాటు వారి భార్యలకూ శిక్షణ ఇప్పించారు. పగలు పిల్లలకు చదువు చెప్పి, సాయంత్రం ఊరందరినీ ప్రార్థనకు కూర్చోబెట్టిన ఆ ఉపాధ్యాయ దంపతుల చేతుల మీదుగానే ఎన్నో పేద కుటుంబాల్లో అక్షరమూ వాక్యమూ కలిసి అడుగుపెట్టాయి. ఇవాళ మన సంఘాల్లోని పెద్దలు ఎంతోమంది తమ తాతల కాలంనాటి పంతులుగారిని, పంతులమ్మను ఇప్పటికీ తలుచుకుంటారు. వాళ్లకు శిక్షణ ఇచ్చిందెవరో చాలామందికి తెలియదు. శిక్షణ ఇచ్చినవారి పేరు మరుగున పడి, శిక్షణ పొందినవారి పేరు ఊళ్లో నిలిచిందంటే ఆ పరిచర్య సఫలమైనట్టే.

అపొస్తలుడైన పౌలు కూడా ఇదే చేశాడు. తన దగ్గర విన్నవాటిని నమ్మకమైన మనుషులకు అప్పగించమనీ, వాళ్లు ఇతరులకు బోధించగలవారై ఉండాలనీ తిమోతికి రాశాడు (2 తిమోతి 2:2). ఆ ఒక్క వచనంలో పౌలు, తిమోతి, నమ్మకమైనవారు, ఇతరులు అని నాలుగు తరాలున్నాయి. క్రేతు ద్వీపంలో తీతును విడిచి వచ్చింది కూడా మిగిలిన పనిని అక్కడి పెద్దల ద్వారా క్రమపరచడానికే (తీతు 1:5). తిమోతి విశ్వాసానికి పునాది వేసింది మాత్రం ఏ ప్రయాణ బోధకుడూ కాదు. అమ్మమ్మ లోయి, తల్లి యునీకే (2 తిమోతి 1:5). పౌలు లుస్త్రకు వచ్చేనాటికే ఆ ఇంట్లో పని మొదలైంది.

శిక్షణలో ఏం జరగాలి?

మూడు రోజుల శిక్షణ అంటే మూడు రోజుల ప్రసంగాలు కాకూడదు. బోధకుడు ఇంగ్లిషులో మాట్లాడటం, ఒకరు అనువదించడం, మిగతావాళ్లు నోట్సు రాసుకోవడంతో సరిపెడితే, ఇంటికెళ్లాక ఆ పుస్తకం బీరువాలో చేరుతుంది. మొదటి రోజు పిల్లల వయసును బట్టి వాళ్ల మనసును అర్థం చేసుకోవడం, రెండో రోజు కథ చెప్పడం, పాట నేర్పడం, కంఠత వాక్యం చెప్పించడం చేసి చూపాలి. మూడో రోజు శిక్షణ పొందినవారే ఆ ఊరి పిల్లలను కూర్చోబెట్టి పాఠం చెప్పాలి, అతిథులు వెనక కూర్చుని చూడాలి. గొంతు వణికినా, కథ మధ్యలో మరిచిపోయినా ఫర్వాలేదు. తప్పు దిద్దడానికి పక్కన మనిషి ఉన్నప్పుడే ఆ తప్పు జరిగిపోవడం మంచిది.

స్థానిక టీచర్‌కు తెలిసినవి అతిథికి తెలియవు. పాపం కడగబడిన హృదయం హిమమంత తెల్లగా ఉంటుందని యెషయా గ్రంథం ఆధారంగా (1:18) చెబితే, మంచు కురవడం ఎన్నడూ చూడని గుంటూరు, వరంగల్ పిల్లలు తెల్లమొహం వేస్తారు. పగిలిన పత్తికాయను చేతిలో పెడితే వెంటనే గ్రహిస్తారు. అక్షరాలు లేని పుస్తకం సంగతీ అంతే. స్పర్జన్ 1866లో నలుపు, ఎరుపు, తెలుపు పుటలతో రక్షణ మార్గాన్ని బోధించాడు. తరువాత బంగారు, ఆకుపచ్చ పుటలు చేరాయి. చదువురాని పిల్లలకు అది గొప్ప సాధనం. కానీ ఒంటిరంగును బట్టి పిల్లలను వెక్కిరించే మన సమాజంలో, పాపం నల్లగా ఉంటుందని చెప్పగానే ముందు వరుసలో కూర్చున్న పాప తన చేతులు చూసుకుంటుంది. ఆ పాపను ఎరిగిన టీచర్ అయితే దాన్ని చీకటి పుట అంటుంది. దీపం లేని ఇంటి గురించి చెబుతుంది. ఇప్పుడు చాలామంది దాన్ని అలాగే పిలుస్తున్నారు.

సామగ్రి కూడా ఊళ్లో దొరికేదే అయ్యుండాలి. విదేశీ జిగురు, మెరుపు కాగితాలు అయిపోతే పాఠం ఆగిపోకూడదు. చింతగింజలు, కొబ్బరి ఆకులు, పాత క్యాలెండర్ల వెనక గీసిన బొమ్మలు, బంకమట్టి చాలు. గొర్రెల కాపరి కథకు మట్టితో గొర్రెపిల్లను చేసిన పిల్లవాడు ఆ కథను మరిచిపోడు.

మరో సంగతి. మన సంఘాల్లో సండే స్కూలు టీచర్లలో చాలామంది పెళ్లికాని అమ్మాయిలు. రెండేళ్లలో పెళ్లై అత్తారింటికి వెళ్లిపోతారు. ఒక్కరికే శిక్షణ ఇస్తే ఆమెతోపాటే సండే స్కూలూ వెళ్లిపోతుంది. అందుకే ఒక్కో ఊరి నుంచి కనీసం ఇద్దరు ముగ్గురిని, అందులో ఒక గృహిణిని, ఒక సోదరుణ్ణి తప్పక తీసుకోవాలి. వెళ్లిపోయిన అమ్మాయి మరో ఊళ్లో మరో తరగతి మొదలుపెడితే అది నష్టం కాదు, విస్తరణ.

పిల్లల భద్రత విశ్వాసంలో భాగమే

చిన్నవారిని అభ్యంతరపరిచేవారి గురించి ప్రభువు ఎంత కఠినంగా మాట్లాడాడో మనకు తెలుసు (మత్తయి 18:6). పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012లో వచ్చింది. 18 ఏళ్లలోపు వారంతా దాని రక్షణలోకి వస్తారు. నేరం జరిగినట్టు తెలిసినవారెవరైనా ఫిర్యాదు చేసి తీరాలని ఆ చట్టం చెబుతోంది. సంఘం పరువు పోతుందని కప్పిపుచ్చడం చట్టం దృష్టిలో నేరం, దేవుని దృష్టిలో పాపం. ప్రతి శిక్షణలో దీనికి ఒక పూట కేటాయించాలి. ఏ పెద్దా ఏ బిడ్డతోనూ ఒంటరిగా గదిలో ఉండకూడదు. పిల్లల సహాయానికి 1098 నంబరును గోడమీద రాసి ఉంచాలి. అతిథులైనా అనుమతి లేకుండా పిల్లల ఫొటోలు తీయకూడదు.

అన్యకుటుంబాల పిల్లలు ఆటలకోసం వస్తే వాళ్ల అమ్మానాన్నలకు ముందుగా తెలియజేసి, ఏం నేర్పుతున్నామో దాచకుండా చెప్పి, వారి ఇష్టంతోనే కూర్చోబెట్టాలి. మిఠాయిలతో, బహుమతులతో ఆశపెట్టి సువార్త చెప్పాల్సిన అవసరం దేవునికి లేదు. విదేశీయులు పర్యాటక వీసా మీద వచ్చి మత ప్రసంగాలు చేయడాన్ని, కరపత్రాలు పంచడాన్ని మన దేశపు నిబంధనలు అనుమతించవు. ఆహ్వానించే సంఘం ఇది ముందే తెలుసుకుని నడుచుకోవాలి. సత్యాన్ని బోధించేవారి దారి కూడా తిన్నగా ఉండాలి కదా.

సంఘం చేయవలసింది

శిక్షణ ముగిసిన రోజున అసలు పరీక్ష సంఘానికి మొదలవుతుంది. సండే స్కూలుకు ఆదివారం ఒక గంట, కూర్చోవడానికి ఒక చోటు, సంవత్సరానికి కొంత సొమ్ము కేటాయించే సంఘాలు ఎన్ని? మైకు సెట్టు మార్చడానికి చందాలు పోగవుతాయి, పిల్లల బొమ్మల పుస్తకాలకు మాత్రం టీచరే తన చేతి డబ్బు పెట్టుకుంటుంది. పాస్టర్లు నెలకోసారైనా ఆ తరగతిలో కూర్చుని వినాలి, సంఘం ముందు ఆ టీచర్ల పేర్లు చెప్పి ప్రార్థించాలి. వచ్చివెళ్లిన బృందం ఆరు నెలల తరువాత మళ్లీ రావాలి. పిల్లలకోసం కాదు, ఆ టీచర్ అలిసిపోయిందా, ఆమెకు ఏం కావాలి అని అడగడానికి.

నయమాను కుష్ఠు బాగుపడటానికి దారి చూపింది ఇశ్రాయేలు నుంచి చెరపట్టబడిన ఒక చిన్నపిల్ల (2 రాజులు 5:2-3). శత్రువు ఇంట్లో, తల్లిదండ్రులకు దూరంగా ఉండి కూడా ఆమె దేవుని ప్రవక్తను మరిచిపోలేదు. ఆ మాట ఆమెకు ఎవరు నేర్పారో లేఖనం చెప్పదు. ఆమె సొంత ఊళ్లో, చెరకు పోకముందు, ఆమె పక్కన కూర్చుని నేర్పినవాళ్లు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. రేపు మన పిల్లలు ఏ హాస్టల్లో, ఏ ఉద్యోగంలో, ఏ దేశంలో ఒంటరిగా నిలబడతారో మనకు తెలియదు. ఆ రోజు వాళ్లకు గుర్తుకొచ్చే స్వరం మన ఊరి మనిషిదే కావాలంటే, ఈ ఆదివారం మన సంఘంలో ఆ పనికి ఎవరిని పంపుతున్నామో, ఎవరికి నేర్పుతున్నామో ప్రార్థనతో నిర్ణయించుకుందాం.