అంబాసిడర్ కిందికి దూరే ముందు

తెల్ల అంబాసిడర్ అంటే మన బ్యాచ్‌కి సినిమాల్లో కలెక్టరు గారు దిగే కారు. మా ఇంట్లో మాత్రం అది ఇంకా తిరుగుతున్న బండి. తాతయ్య కొన్నాడు, ఇప్పుడు బాబాయి చూసుకుంటున్నాడు. 2014లో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో తయారీ ఆగిపోయింది. ఆ బండి నాడి తెలిసిన మేస్త్రీలు మా ఊళ్ళో ఒకరిద్దరే మిగిలారు. అందుకని గ్రీజు పెట్టడం, బ్రేకు షూలు మార్చడం, సైలెన్సరు క్లాంపు బిగించడం లాంటివి మేమే ఇంట్లో చేసుకుంటాం. వీటిలో సగం పనులకి కారు కింద పడుకోక తప్పదు. పదకొండు వందల కిలోల పైచిలుకు ఇనుము, ఛాతీకి జానెడు పైన. ఈ వ్యాసం ఆ జానెడు గురించే.

ఈ సెలవుల్లో ఇంట్లో పాత బండి విప్పుతామని మన కాలేజీలోనే నలుగురు నాతో అన్నారు. ఒకడిది ఫియట్, ఇంకొకడిది జీపు. యూట్యూబ్‌లో ఇంజను విప్పడం చూపించేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు గానీ, కారు ఎత్తే భాగాన్ని మాత్రం ఫాస్ట్ ఫార్వర్డ్‌లో లాగించేస్తారు. నా ఉద్దేశంలో నిదానంగా చూపించాల్సింది ఆ ముక్కే.

ముందు ఇటుకల సంగతి తేల్చాలి. ఎందుకంటే ప్రతి ఇంట్లోనూ ఈ వాదన వస్తుంది. సంక్రాంతికి వెనక బ్రేకులు విప్పుదామని కూర్చున్నప్పుడు మా బాబాయి అన్న మాట ఇది: "ఒరేయ్, స్టాండులూ గీండులూ ఎందుకురా, నాలుగు ఇటుకలు పేర్చు. ముప్పై ఏళ్ళ నుంచీ ఇదే చేస్తున్నాం, ఎవడికేమైంది?"

నిజం చెప్పాలంటే లెక్క ఆయన పక్షానే ఉంది. ఐ.ఎస్. 1077 ప్రకారం అన్నిటికన్నా తక్కువ తరగతి ఇటుక కూడా చదరపు మిల్లీమీటరుకి 3.5 న్యూటన్లు తట్టుకోవాలి. 190 × 90 మిల్లీమీటర్ల ఇటుకకి గుణించి చూడండి, దాదాపు అరవై వేల న్యూటన్లు వస్తుంది. అంటే సుమారు ఆరు టన్నులు! మన కారు వెనక భాగం ఎత్తితే ఒక్కో వైపు పడేది 250–300 కిలోలు. మరి ఇంకేం భయం?

ఆ 3.5 అంకె ఎలా వచ్చిందో మన ల్యాబులో సీటీఎం దగ్గర నిలబడ్డవాళ్ళకి తెలుసు. ఇటుకని ఒక రోజు నీళ్ళలో నానబెడతాం. పైనున్న గుంటని సిమెంటు మోర్టారుతో నింపి సాపు చేస్తాం. కిందా పైనా పలచటి ప్లైవుడ్ ముక్కలు పెట్టి, రెండు చదునైన ప్లేట్ల మధ్య మెల్లగా నొక్కుతాం. అంత మర్యాద చేస్తే ఇటుక ఆ బరువు మోస్తుంది. కారు కింద అంత మర్యాద ఎవరు చేస్తారు? యాక్సిల్ గొట్టం గుండ్రంగా ఉంటుంది, ఇటుకని ఒక గీత మీదే తాకుతుంది. కింద ఇటుక కొంచెం వంకరగా ఉంటే పై ఇటుక కంప్రెషన్‌లో కాదు, బెండింగ్‌లో పడుతుంది. కాల్చిన మట్టి లాగుడు బలానికి ఎందుకూ పనికిరాదు. పైగా అది బ్రిటిల్. ఉక్కు అయితే ముందు వంగుతుంది, మనకి కనిపిస్తుంది. ఇటుక నిన్నటిదాకా బాగానే ఉండి, ఈ రోజు టప్పున రెండవుతుంది. సిమెంటు బ్లాకులదీ ఇదే తంతు. హాలో బ్లాకులైతే మరీనూ.

ఇంతా విని బాబాయి "సరేలే, మరి జాకీ మీదే ఉంచుదాం" అన్నాడు. అది ఇంకో ప్రమాదం. హైడ్రాలిక్ జాకీ లోపల ఆ బరువునంతా ఆపుతున్నది ఆయిలు. ఆ ఆయిల్ని ఆపుతున్నది ఒక రబ్బరు సీలు, ఒక చిన్న వాల్వు, మీ చేత్తో తిప్పే రిలీజ్ స్క్రూ. సీలు అరిగినా, వాల్వు దగ్గర ఇసుక రేణువు ఇరుక్కున్నా ఆయిలు వెనక్కి వెళ్ళిపోతుంది, కారు దిగిపోతుంది. స్క్రూ జాకీ అలా జారదు. సెల్ఫ్ లాకింగ్ స్క్రూ ఎఫిషియెన్సీ యాభై శాతం లోపే ఉంటుందని థియరీ ఆఫ్ మెషిన్స్‌లో రాశాం కదా, ఆ తక్కువ ఎఫిషియెన్సీయే ఇక్కడ వరం. కానీ దాని గండం వేరే. పాదం అరచెయ్యంత ఉంటుంది, ఎత్తేకొద్దీ పక్కకి పడిపోయే గుణం పెరుగుతుంది. పంక్చరు పడితే టైరు మార్చడానికి అది చాలు, కింద దూరడానికి చాలదు. జాకీ పని ఎత్తడం వరకే. మోసేది స్టాండు.

జాకీ స్టాండులు ఆటో విడిభాగాల షాపుల్లో జతగా దొరుకుతాయి. కొనేటప్పుడు రాసి ఉన్న టన్నులు ఒక్క స్టాండుకా, జతకా అన్నది అడిగి తెలుసుకోండి. జతకి మూడు టన్నులంటే ఒక్కోటి ఒకటిన్నర మాత్రమే. మాకు అదీ ఎక్కువే. పళ్ళ మీద ఆగే రాట్చెట్ రకం, అడ్డంగా పిన్ను దూర్చే రకం, రెండూ ఉన్నాయి. నాకు పిన్ను రకం ఇష్టం. పిన్ను దూరిందా లేదా అన్నది కంటికి కనిపిస్తుంది. రాట్చెట్ రకమైతే పన్ను పూర్తిగా కూర్చుందో లేదో వంగి చూసుకోవాలి.

ఇప్పుడు అసలైన తిరకాసు. "గేర్లో పెట్టాను, హ్యాండ్ బ్రేకు లాగాను, ఇంక కదలదు" అంటారు. అంబాసిడర్ వెనక చక్రాల బండి. హ్యాండ్ బ్రేకు పట్టేది కూడా వెనక డ్రమ్ములనే. ఒక వెనక చక్రం గాల్లోకి లేచిందనుకోండి. గేరు ప్రొపెల్లర్ షాఫ్టుని ఆపగలదు, కానీ మధ్యలో డిఫరెన్షియల్ ఉంది. షాఫ్టు ఆగిపోయి ఉన్నా, నేల మీది చక్రం ముందుకి దొర్లితే గాల్లోది వెనక్కి తిరుగుతుంది. అంటే గేరు వేసినా వెయ్యనట్టే. రెండు వెనక చక్రాలూ లేపితే నేల మీద మిగిలినవి ముందు చక్రాలు, వాటికి హ్యాండ్ బ్రేకే లేదు. ఇంకో విచిత్రం, వెనక డ్రమ్ము ఊడాలంటే హ్యాండ్ బ్రేకు వదిలెయ్యాలి, లేకపోతే షూలు పట్టుకునే ఉంటాయి. ఏ పని కోసం కారు ఎత్తామో ఆ పనే హ్యాండ్ బ్రేకుని తీసేయమంటుంది.

కాబట్టి వెనక ఎత్తుతుంటే ముందు చక్రాలకి రెండు వైపులా ఏటవాలుగా కోసిన చెక్కలు తన్నిపెట్టాలి. గుండ్రాయి పనికిరాదు, అదీ దొర్లుతుంది. మన పోర్టికోలు చదునుగా ఉంటాయనుకోకండి, వాన నీళ్ళు గేటు వైపు పోవడానికి వాలు పెడతారు. యాభై అడుగులకి ఒక అడుగు వాలున్నా 1,100 కిలోల కారుని కిందికి లాగే బలం 22 కిలోలు. ఓ పిల్లాడు నెట్టినంత. దాన్ని ఆపేది కూడా చెక్కలే.

నేల గురించి ఇంకొక్కటి. ట్రాలీ జాకీ చెయ్యి నిలువుగా లేవదు, ఆర్కులో లేస్తుంది. అందుకని ఎత్తుతున్నప్పుడు జాకీ తన చక్రాల మీద కొంచెం జరగాలి. పార్కింగ్ టైల్స్ గాడుల్లో ఆ బుల్లి చక్రాలు ఇరుక్కుంటే జాకీ బదులు దాని తల జారుతుంది. కింద మందమైన ప్లైవుడ్ షీటు పరిస్తే ఆ బాధ ఉండదు. మట్టి నేలైతే స్టాండు కాళ్ళు దిగబడకుండా కూడా అదే దిక్కు.

ఎక్కడ పెట్టాలి? వెనక వైపు సులువు. మధ్యలో ఉబ్బెత్తుగా కనిపించే డిఫరెన్షియల్ కింద చెక్క ముక్క అడ్డం పెట్టి ట్రాలీ జాకీతో ఎత్తి, స్టాండులు రెండు వైపులా యాక్సిల్ గొట్టం కింద, కమాను కట్టలకి దగ్గరగా పెడతాం. గొట్టం వెంబడి సన్నటి బ్రేకు పైపు పోతుంది, అది నలగకుండా చూసుకోవాలి. కమాను కట్టలే విప్పాలంటే మాత్రం యాక్సిల్ మీద కుదరదు, బాడీ కింద పెట్టాలి. అప్పుడు చక్రాలు వేలాడతాయి, ఇంకా పైకి ఎత్తాలి, ఎత్తిన ప్రతి అంగుళానికీ జాగ్రత్త పెరగాలి.

ముందు వైపు కష్టం. చేతికి అందేవన్నీ పెట్టకూడనివే. ఇంజను కింద ఆయిల్ సంపు పలచటి రేకు, నొక్కుకుపోతుంది. ముందు నుంచి వెనక్కి పొడుగ్గా పోయే కడ్డీలు ఛాసిస్ కాదు, టార్షన్ బార్లు. అంబాసిడర్‌కి ముందు స్ప్రింగులు అవే. వాటి కింద స్టాండు పెట్టకండి. సస్పెన్షన్ బిగించిన చోట మందంగా ఉండే బాక్స్ సెక్షన్ వెతుక్కోవాలి.

ఇక్కడే పాత కారుకీ కొత్త కారుకీ తేడా. మేస్త్రీలు ఛాసిస్ అంటారు గానీ అంబాసిడర్‌కి విడిగా ఛాసిస్ లేదు, మోనోకాక్. అడుగు రేకూ, దానికి వెల్డు చేసిన సెక్షన్లే బరువు మోస్తాయి. ఏళ్ళ తరబడి వాన నీళ్ళు చేరిన చోట లోపలి నుంచి తుప్పు తింటుంది. పైన నల్లటి కోటింగు నున్నగానే ఉంటుంది. కాబట్టి స్టాండు పెట్టబోయే చోట స్క్రూ డ్రైవరు పిడితో కొట్టి వినండి. మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు పట్టింది డొప్పలా బొదబొదలాడుతుంది. అనుమానం ఉంటే మొనతో గట్టిగా పొడవండి. దిగబడితే బెంగపడకండి, చిల్లు మీరు చేసింది కాదు, ఎప్పుడో పడింది. అక్కడ స్టాండు మాత్రం వద్దు.

మేం చేసే వరస ఇది. చక్రం నట్లు నేల మీదుండగానే అర చుట్టు వదులు చేస్తాం. గాల్లో లేపాక వాటితో కుస్తీ పడితే కారు ఊగుతుంది. చెక్కలు పెట్టి, ఎత్తి, స్టాండులు జరిపి, జాకీని మెల్లగా వదులుతాం. బరువు పూర్తిగా స్టాండుల మీదికి వచ్చాక జాకీని ఊరికే తగిలేలా మళ్ళీ కొంచెం లేపి వదిలేస్తాం. ఊడదీసిన చక్రాన్ని బయట పారెయ్యం, బాడీ అంచు కింద పడుకోబెడతాం. అన్నీ తప్పినా దాని మందం మేర ఖాళీ మిగులుతుంది. ఆ తర్వాత బంపరు పట్టుకుని ఇద్దరం గట్టిగా ఊపుతాం. పడేదేదో మనం కింద లేనప్పుడే పడాలి. బాబాయి మొదట నవ్వాడు గానీ, ఇప్పుడు నాకన్నా ఆయనే గట్టిగా ఊపుతున్నాడు.

కింద ఒకరుంటే పైన ఇంకొకరు ఉండాల్సిందే. ఆ సమయంలో డోరు తియ్యడం, డిక్కీ వెయ్యడం, పిల్లలు సీట్లో ఎక్కి స్టీరింగు తిప్పడం, ఏదీ జరగకూడదు. పట్టేసిన బోల్టుకి పొడుగు పైపు తగిలించి పక్కకి గుంజడం కూడా కారుని స్టాండుల మీంచి నెట్టే పనే, ముందు కిరసనాయిలో పెనిట్రేటింగ్ ఆయిలో పోసి నానబెట్టండి.

దించేటప్పుడు తొందర ఎక్కువ ఉంటుంది, అప్పటికి అందరికీ ఆకలేస్తుంటుంది. కింద పానాలు, గుడ్డలు, మనుషుల కాళ్ళు ఏమీ లేవని చూసి, మళ్ళీ జాకీతో అర అంగుళం లేపి, స్టాండులు లాగి, రిలీజ్ స్క్రూని పావు చుట్టు కన్నా తక్కువే తిప్పండి. చక్రాలు నేలకి ఆనాక నట్లు ఎదురెదురుగా బిగించండి. హ్యాండ్ బ్రేకు లాగి, చెక్కలు చివర్న తియ్యండి. బండి కదిలే ముందు బ్రేకు పెడలు నాలుగుసార్లు తొక్కి చూడండి, కొత్త షూలు వేశాక మొదటి తొక్కుడు ఒక్కోసారి నేల దాకా పోతుంది.