నాలుగవ సంవత్సరానికి నీటి ప్రణాళిక: తుంగభద్ర దిగువ కాలువ ఆయకట్టు నేర్పే పాఠం

2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి, హోస్పేట వద్ద తుంగభద్ర జలాశయం నిండుగా ఉన్న సమయంలో, 33 క్రస్టు గేట్లలో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయింది. నిపుణులు సుమారు వారం రోజులలో స్టాప్‌లాగ్‌లు దించి ప్రవాహాన్ని నిలిపారు. తరువాత వచ్చిన వరదతో జలాశయం తిరిగి నిండింది. ఆ వరద రాకుంటే ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల రైతుల పరిస్థితి ఏమిటన్నది ప్రణాళికావేత్తలు వేసుకోవలసిన ప్రశ్న.

రెండు విధాల అనిశ్చితి

తుంగభద్ర దిగువ కాలువ కర్ణాటకలో చాలా దూరం ప్రయాణించిన తరువాతనే కర్నూలు జిల్లా పశ్చిమ మండలాలకు చేరుతుంది. జిల్లాలో దీని ఆయకట్టు సుమారు 1.51 లక్షల ఎకరాలు. మొదట 133 టి.ఎం.సి.లుగా ఉన్న జలాశయ సామర్థ్యం పూడిక వలన సుమారు 105.8 టి.ఎం.సి.లకు తగ్గింది. వర్షపాతంలోని ఒడిదుడుకులు మొదటి అనిశ్చితి కాగా, కట్టడాల వయసు, పూడిక రెండవది. ఇవి రెండూ ఒకే సంవత్సరంలో తటస్థించవచ్చు.

వర్షం విషయంలో సగటు అంకె ఎంత మోసపూరితమో 2009 చూపింది. ఆ ఏడాది దేశంలో నైరుతి రుతుపవన వర్షపాతం 22 శాతం లోటు. అయినా అక్టోబరు మొదటి వారంలో మంత్రాలయం, కర్నూలు నీట మునిగాయి. కరవునూ వరదనూ వేర్వేరు శాఖల సమస్యలుగా చూడరాదు.

75 శాతం విశ్వసనీయత అంటే

నీటి కేటాయింపులలో 75 శాతం విశ్వసనీయత వాడుక ప్రమాణం. అనగా, సగటున నాలుగు సంవత్సరాలలో ఒకసారి లోటు తప్పదని ముందే అంగీకరించినట్లే. ఆ లోటు మొదట తగిలేది కాలువ చివరి భూములకు. కనుక ఇక్కడ ప్రణాళికను మూడు మంచి సంవత్సరాలకు గాక, ఆ నాలుగవ సంవత్సరానికి రూపొందించాలి.

ఆచరణీయ చర్యలు

ఒకే పెద్ద కట్టడంపై ఆధారపడక, చెరువులు, పంట కుంటలను కాలువకు తోడుగా నిలపాలి. 250 ఘనపు మీటర్ల కుంటలోని నీరు ఒక హెక్టారుకు 25 మిల్లీమీటర్ల తడికి సమానం. ఆవిరి, ఇంకుడు నష్టాలు పోగా మిగిలిన నీటిని వేరుశనగ ఊడలు దిగే దశలోనో, పత్తి పూత, కాయ దశలోనో ఒక రక్షక తడిగా ఇవ్వవచ్చు. నల్లరేగడిలో కుంటకు పూత అంతగా అవసరం లేదు. ఎర్ర నేలలలో మాత్రం మట్టి, సిమెంటు మిశ్రమపు పూత వేయకుంటే నీరు నిలవదు.

నిర్ణయాలను కూడా దశలవారీగా తీసుకోవాలి. ఆగస్టు మధ్యనాటి జలాశయ నిల్వ ఇంత కంటే తక్కువైతే వరికి బదులు ఆరుతడి పంటలు, విత్తు ఆలస్యమైతే కొర్ర అని సీజనుకు ముందే నియమం ప్రకటించాలి. వర్షాధార వేరుశనగలో కందిని 7:1 నిష్పత్తిలో అంతర పంటగా వేస్తే, ఒకటి దెబ్బతిన్నా మరొకటి కొంత ఆదుకుంటుంది. కాలువ, తూముల మరమ్మతులను నీరు విడిచే నాటికి ముగించాలి.

పంట పోయిన ఏడు ఈ పల్లెల కుటుంబాలు పిల్లలతో సహా ‘సుగ్గి’కి వలసపోతాయి. మౌలిక సదుపాయం ఎంత దృఢమైనదో తెలిపే కొలమానం మంచి ఏడు సాగైన ఎకరాలు కాదు. చెడ్డ ఏడు తాళం పడని ఇళ్లే ఆ కొలమానం.