నాందేడ్ పోదామా, అక్కా?

సంక్రాంతి పండుగ అయిపోయింది. పత్తి ఏరుడు కూడా చివరికి వచ్చింది. ఆ రాత్రి మన చదువు కేంద్రంలో ఆరుగురమే ఉన్నాం. పాఠం అయిపోయాక ఒక అక్క అడిగింది.

"టీచరమ్మా, మనం మనమే కలిసి ఎటన్నా పోయి రావద్దా? పెండ్లికి కాదు, చావుకు కాదు, దవాఖానకు కాదు. ఊరికెనే, చూసి రానీకి."

అందరం నవ్వాం. తర్వాత అందరం ఆలోచనలో పడ్డాం. నిజమే కదా! మనం భైంసా దాటి పోయేది ఎప్పుడు? ఏదో ఒక పని పడితేనే పోతాం.

"నాందేడ్ పోదాం. మా అమ్మమ్మ పుట్టిల్లు అటే" అన్నది పెద్దమ్మ. మా అందరిలో పెద్దది ఆమెనే. పోయిన ఏడాదే పలక పట్టింది.

మాలో ఒక అక్కకు కారు నడపడం వచ్చు. లైసెన్సు కూడా ఉంది. ఆమె తమ్ముడికి కారు ఉంది. రెండు రోజులు కారు ఇస్తానని ఒప్పుకున్నాడు.

మేము పోయి వచ్చాం. మాతో మగవాళ్ళు ఎవరూ రాలేదు. ఏమేం చూసుకొని బయలుదేరామో ఇక్కడ రాస్తున్నాను. చదవండి. మీరు పోయేటప్పుడు పనికి వస్తుంది.

ఈ ఎల్ల ఎప్పటిది?

నాందేడ్ మహారాష్ట్రలో ఉంది. మన భైంసా తెలంగాణలో ఉంది. నడుమ రాష్ట్రాల ఎల్ల ఉంది.

కానీ 1956 వరకు మన భైంసా నాందేడ్ జిల్లాలోనే ఉండేది. అప్పుడు ఇటూ అటూ అంతా హైదరాబాద్ రాష్ట్రమే. 1956 నవంబరు 1న భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడ్డాయి. అప్పుడు ముధోల్, భైంసా, కుభీర్ ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. ఆదిలాబాద్ జిల్లాలో కలిశాయి. నాందేడ్ బొంబాయి రాష్ట్రంలోకి పోయింది. ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న కిన్వట్ కూడా అటే పోయింది. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడింది. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. 2016 అక్టోబరులో మనం నిర్మల్ జిల్లా అయినాం.

మన ఊరు ఉన్నచోటనే ఉంది. జిల్లా పేరు, రాష్ట్రం పేరు మారాయి. అందుకే మనకు అటు చుట్టాలు ఉన్నారు. వాళ్ళకు ఇటు చుట్టాలు ఉన్నారు. మనలో చాలామందికి మరాఠీ వస్తుంది.

ఇంట్లో ఎట్లా చెప్పాం?

ఒక అక్క ఇంట్లో పేచీ వచ్చింది. "మగోళ్ళు లేకుండా అంత దూరం ఎట్ల పోతరు?" అని ఆమె భర్త అడిగాడు.

ఆ అక్క కోపం చేయలేదు. నెమ్మదిగా చెప్పింది.

"పత్తి ఏరనీకి ట్రాలీ ఆటోల ఇరవై మందిమి పోతం. కాళ్ళు బయట పెట్టుకొని కూసుంటం. గప్పుడు నువ్వు అడగలే. ఇప్పుడు మంచి కారుల, బెల్టు పెట్టుకొని పోతున్నం. ఏమైతది?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "బర్రెకు నేను గడ్డి వేస్త గాని, రోజు రెండుసార్లు ఫోను చెయ్యి" అన్నాడు.

అందుకే ముందుగా ఇంట్లో చెప్పాలి. ఎవరెవరు పోతున్నారు? ఎక్కడ ఉంటారు? ఎప్పుడు వస్తారు? ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఇంట్లో పెట్టాలి. కారు నంబరు కూడా రాయాలి. పిల్లలను, ముసలివాళ్ళను ఎవరు చూస్తారో ముందే మాట్లాడుకోవాలి.

కారులో ఎంతమంది?

ఆ కారులో సీట్లు ఐదు. మేము ఆరుగురం. "సర్దుకొని కూసుందాం" అన్నారు కొందరు.

సర్దుకోవడం కుదరదు. ఐదు సీట్ల కారులో బెల్టులు కూడా ఐదే ఉంటాయి. వెనుక కూర్చున్నవాళ్ళు కూడా బెల్టు పెట్టుకోవాలని చట్టం చెబుతుంది. కారు దేనికైనా గుద్దుకుంటే బెల్టు లేనివాళ్ళు ముందుకు ఎగిరి పడతారు. ఆరో మనిషికి బెల్టు ఉండదు.

"నాకు కారుల కడుపు తిప్పుతది. నేను బస్సులనే వస్త" అన్నది పెద్దమ్మ. ఆమెకు తోడుగా నేను బస్సులో పోతానన్నాను.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు పైసలు లేవు. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. కానీ వేరే రాష్ట్రం పోయే బస్సులో ఇది మన ఎల్ల వరకే. ఎల్ల దాటిన తర్వాత దూరానికి టికెట్టు కొనాలి. ఇది ముందే తెలిస్తే కండక్టరుతో తగువు ఉండదు.

కాగితాలు చదవడం

శనివారం పోవాలని అనుకున్నాం. గురువారం రాత్రి కారు కాగితాలన్నీ చాప మీద పరిచాం. తలా ఒక కాగితం చదవాలని చెప్పాను.

కారుకు ఉండాల్సిన కాగితాలు ఇవి: రిజిస్ట్రేషన్ కాగితం, ఇన్సూరెన్సు కాగితం, పొగ పరీక్ష కాగితం. నడిపేవాళ్ళకు లైసెన్సు ఉండాలి. ఒక రాష్ట్రంలో తీసుకున్న లైసెన్సు దేశమంతా చెల్లుతుంది. సొంత కారుతో రెండు రోజులు వేరే రాష్ట్రం పోయి రావడానికి పర్మిట్ అక్కరలేదు. ఫోనులో డిజిలాకర్‌లో ఉన్న కాగితాలు కూడా చెల్లుతాయి.

పెద్దమ్మ చేతికి ఇన్సూరెన్సు కాగితం వచ్చింది. అది ఇంగ్లీషులో ఉంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. కానీ అంకెలు వచ్చు. వేలు పెట్టి ఒక్కొక్క అంకె చదివింది. తర్వాత తల ఎత్తింది.

"టీచరమ్మా, ఇండ్ల 19వ తారీకు, ఒకటో నెల అని ఉన్నది. ఇయ్యాల 22 గదా?"

అందరం కాగితం మీదికి వంగి చూశాం. నిజమే. ఇన్సూరెన్సు గడువు మూడు రోజుల కిందటే అయిపోయింది. కారు యజమాని చూసుకోలేదు. నేను కూడా ఆ కాగితాన్ని పొద్దున చేతిలో పట్టుకున్నాను. తారీకు చూడలేదు.

"రెండు రోజులే గదా. ఎవరు అడుగుతరు?" అన్నాడు ఆ తమ్ముడు.

"పోలీసులు అడగకపోవచ్చు. దారిల ఎవరికన్నా తాకితే ఏం చేస్తవ్?" అని వాళ్ళ అక్క అడిగింది.

ఆమె అడిగింది సరైన మాట. ఇన్సూరెన్సు లేకుండా బండి నడిపితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా ఉంది. జైలు కూడా పడవచ్చు. అది చిన్న సంగతి. మన కారు తాకి ఒక మనిషి చనిపోతే, లేదా కాలు పోతే, ఆ కుటుంబానికి నష్టపరిహారం ఇవ్వాలి. ఇన్సూరెన్సు ఉంటే కంపెనీ ఇస్తుంది. లేకపోతే మనమే కట్టాలి. అది లక్షల్లో ఉంటుంది. ఇల్లు, భూమి అమ్మినా చాలదు.

ప్రయాణం వారం వెనక్కి పోయింది. ఒక అక్క అప్పటికే గారెలకు పిండి పట్టించింది. ఆమెకు బాధ అయింది. అందరికీ బాధ అయింది. గడువు దాటిన బండిని కొన్నిసార్లు కంపెనీవాళ్ళు చూసి, తర్వాతే కొత్త పాలసీ ఇస్తారు. అట్లా నాలుగు రోజులు పట్టింది.

కొత్త కాగితం వచ్చాక పెద్దమ్మ మళ్ళీ చదివింది. "ఇగ నడువుండ్రి" అన్నది.

బండి బోర్డు రంగు చూడండి

మీకు తెలిసినవాళ్ళ కారు దొరకకపోతే కిరాయికి తీసుకుంటారు. అప్పుడు నంబరు బోర్డు రంగు చూడండి.

తెల్ల బోర్డు మీద నల్ల అక్షరాలు ఉంటే అది సొంతానికి వాడే కారు. పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలు ఉంటే డ్రైవరుతో నడిచే కిరాయి బండి. అది రాష్ట్రం దాటాలంటే పర్మిట్ ఉండాలి. నల్ల బోర్డు మీద పసుపు అక్షరాలు ఉంటే, మనమే నడుపుకోవడానికి కిరాయికి ఇచ్చే బండి.

తెల్ల బోర్డు కారును కొందరు పైసలు తీసుకొని కిరాయికి ఇస్తారు. అది చట్టానికి విరుద్ధం. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ పైసలు ఇవ్వనని అనవచ్చు.

నేను కూడా కారు నేర్చుకుంటున్నాను. నా దగ్గర నేర్చుకునేవాళ్ళకు ఇచ్చే లైసెన్సే ఉంది. పక్కన పక్కా లైసెన్సు ఉన్నవాళ్ళు కూర్చోకుండా దానితో నడపరాదు. పెద్ద రోడ్డు మీద నాకు ఇంకా అలవాటు కూడా లేదు. ఆశ ఉన్నా నేను స్టీరింగు పట్టలేదు. లైసెన్సు లేనివాళ్ళకు బండి ఇస్తే, ఇచ్చిన యజమానికి కూడా శిక్ష ఉంటుంది.

పైసల లెక్క

భైంసా నుంచి నాందేడ్ సుమారు 80 కిలోమీటర్లు. పోను 80, రాను 80. మొత్తం 160. ఊళ్ళో తిరగడానికి ఇంకో 40 కలిపాం. అంతా 200 కిలోమీటర్లు.

ఆ కారు లీటరుకు 15 కిలోమీటర్లు పోతుంది. 200ను 15తో భాగిస్తే 13 పైన వచ్చింది. 14 లీటర్లు అనుకున్నాం. లీటరు 108 రూపాయల లెక్కన 1,512 రూపాయలు అయింది. 1,520 అని రాసుకున్నాం.

మా అంచనా ఇది:

పెట్రోలు – 1,520
టోల్ గేటు ఉంటే – 300
ఇద్దరికి బస్సు – 480
గదులు – 1,200
చాయ, తిండి – 1,500
అనుకోని ఖర్చు – 1,000
మొత్తం – 6,000 రూపాయలు

ఆరుగురికి పంచితే తలా 1,000 రూపాయలు. బస్సులో పోయినా, కారులో పోయినా అందరికీ ఒకటే వాటా. పైసలన్నీ ఒక అక్క దగ్గర పెట్టాం. ఖర్చు రాసే పని ఇంకో అక్కకు ఇచ్చాం. ఆమె జీవితంలో రాసిన మొదటి లెక్కల పుస్తకం అది.

టోల్ గేటు దగ్గర ఫాస్టాగ్ నుంచి పైసలు కట్ అవుతాయి. కారు అద్దం మీద అంటించిన చీటీయే ఫాస్టాగ్. అందులో పైసలు లేకపోతే గేటు దగ్గర ఎక్కువ కట్టాలి. బయలుదేరే ముందు రోజే చూసుకోండి.

దారి

మన ఊరి నుంచి భోకర్ మీదుగా నాందేడ్ పోయే రోడ్డు 61వ నంబరు జాతీయ రహదారి. ఈ రోడ్డు బొంబాయి దగ్గరి కళ్యాణ్ వైపు పోతుంది.

పొద్దున ఏడు గంటలకు బయలుదేరాం. ఎల్ల ఎక్కడ దాటామో బోర్డు చూస్తేనే తెలిసింది. రెండు పక్కలా అవే నల్లరేగడి చేలు, అదే పత్తి. బోర్డుల మీద మాత్రం మరాఠీ రాత. మరాఠీ మాట్లాడటం అందరికీ వచ్చు. చదవడం రాదు. నాకు హిందీ చదవడం వచ్చు. మరాఠీకి కూడా అదే లిపి. అంకెలు కూడా వేరేగా రాస్తారు. పెద్దమ్మ దారి పొడుగునా వాటిని అడిగి నేర్చుకుంది.

చీకటిలో కారు నడపవద్దని ముందే అనుకున్నాం. పత్తి రోజుల్లో రోడ్డు మీద ట్రాక్టర్లు ఎక్కువ. కొన్నింటికి వెనుక ఎర్ర లైటు కూడా ఉండదు. దగ్గరికి పోయేదాకా కనిపించవు.

నాందేడ్‌లో

నాందేడ్‌లో సిక్కుల పెద్ద గురుద్వారా ఉంది. దాని పేరు హజూర్ సాహిబ్. సిక్కుల పదో గురువు గురు గోవింద్ సింగ్ 1708లో అక్కడే కన్నుమూశారు. ఇప్పుడున్న గుడిని పంజాబు రాజు రంజిత్ సింగ్ 1832, 1837 సంవత్సరాల నడుమ కట్టించారు.

లోపలికి ఎవరైనా పోవచ్చు. ఏ కులం, ఏ మతం అని అడగరు. చెప్పులు బయట విడవాలి. కాళ్ళు కడుక్కోవాలి. తల మీద కొంగు కప్పుకోవాలి. అక్కడ లంగర్ ఉంటుంది. అంటే అందరికీ ఉచితంగా అన్నం పెట్టే చోటు. అందరూ ఒకే వరుసలో నేల మీద కూర్చొని తింటారు. తినగలిగినంతే పెట్టించుకోవాలి. తిన్నాక మా అక్కలు గిన్నెలు తోమే దగ్గర ఒక గంట పని చేశారు. "ఇంట్ల తోముడు వేరు, గిక్కడ తోముడు వేరు" అన్నది ఒక అక్క.

రాత్రి ఉండటానికి గది తీసుకున్నాం. అందరి ఆధార్ కార్డులు అడిగారు. రిజిస్టరులో ఆరుగురం ఆరు సంతకాలు చేశాం. ఒక్కరు కూడా వేలిముద్ర వేయలేదు.

సాయంత్రం గోదావరి ఒడ్డున కూర్చున్నాం. ఆ నీళ్ళే కిందికి పారి మన బాసరకు వస్తాయి.

తిరిగి వచ్చేటప్పుడు

భోకర్ దాటాక కారు టైరు పంక్చర్ అయింది. బస్సులో వస్తున్న మాకు ఫోను వచ్చింది. "భయం లేదు, మేమే మారుస్తున్నం" అన్నారు.

పోయే ముందు రోజే స్టెప్నీలో గాలి చూసుకున్నాం. జాకీ, పానా ఉన్నాయో లేదో చూసుకున్నాం. అది ఇప్పుడు పనికి వచ్చింది. కారును రోడ్డు పక్కకు, గట్టి నేల మీదికి తీశారు. హ్యాండ్ బ్రేకు వేశారు. చక్రాల కింద రాళ్ళు పెట్టారు. కారును లేపకముందే నట్లు కొంచెం వదులు చేశారు. తర్వాతే జాకీతో లేపారు. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారట. ఒకాయన "తీయండి, నేను చేస్త" అన్నాడట. అప్పటికే పని అయిపోయింది.

అనుకోని ఖర్చుకు పెట్టిన వెయ్యిలో 220 పోయింది. 780 మిగిలింది. తలా 130 రూపాయలు తిరిగి వచ్చాయి. ఆ పైసలు ఎవరూ తీసుకోలేదు. "ఇంకోసారికి ఉంచు" అన్నారు. ఈసారి మాహూరు రేణుకమ్మ దగ్గరికి పోదామని అనుకుంటున్నాం.

బయలుదేరే ముందు ఇవి రాసుకోండి

1. కాగితాల మీద గడువు తారీకు మీ కండ్లతో చదవండి. ఇంకొకరితో కూడా చదివించండి.
2. సీట్లు ఎన్నో, మనుషులు అంతే.
3. లైసెన్సు ఉన్నవాళ్ళే నడపాలి. రెండు గంటలకు ఒకసారి ఆగాలి.
4. టైర్లలో గాలి, స్టెప్నీ, ఫాస్టాగ్ చూడండి.
5. అందరి ఆధార్ కార్డులు, రోజూ వేసుకునే మందులు పెట్టుకోండి.
6. ఆపద వస్తే 112. అంబులెన్సుకు 108. జాతీయ రహదారి మీద సాయానికి 1033. రెండు రాష్ట్రాల్లోనూ ఇవే నంబర్లు.

మాట్లాడుకోండి

మీరు ఊరికెనే చూసి రావాలని అనుకునే ఊరు ఏది? అది ఎంత దూరం? తలా ఎంత ఖర్చు అవుతుంది? నోటుబుక్కులో లెక్క వేయండి. రేపు కేంద్రంలో చదివి వినిపించండి.