జపాను భాషలో "వెళ్ళివస్తాను"

మీరు బడికి బయలుదేరుతూ ఇంట్లో ఏమని చెబుతారు? "పోతున్నాను" అంటే పెద్దవాళ్ళు ఊరుకోరు. "అలా అనకూడదు, వెళ్ళివస్తాను అను," అని దిద్దుతారు. పోవటం మాత్రమే చెప్పి, తిరిగి రావటం చెప్పకపోతే అది శుభం కాదని మనవాళ్ళ నమ్మకం.

ఇక్కడికి వేల మైళ్ళ దూరాన, సముద్రం మధ్య ఉన్న జపాను దేశంలో కూడా పిల్లలు ఇల్లు విడిచి వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఒక మాట అంటారు. ఆ మాట "ఇత్తెకిమసు". దాని అర్థం సరిగ్గా "వెళ్ళివస్తాను" అనే! ఇంట్లోవాళ్ళు "ఇత్తెరష్షాయి" అని జవాబిస్తారు. అంటే, "వెళ్ళిరండి" అని.

ఈ చిన్న మాటను ఇంగ్లీషులో చెప్పబోతే చిక్కు వస్తుంది. "వెళ్ళి తిరిగి వస్తాను" అని మాటకు మాట పెడితే వినేవాడు, "ఎన్ని గంటలకు వస్తావు?" అని అడుగుతాడు. మాట అర్థమయింది గాని, ఆ మాట వెనక ఉన్న మర్యాద అతనికి అందలేదన్నమాట.

అందుకనే పరభాష నేర్పేవారు ఇప్పుడు భాషను ఒక్కదాన్నే నేర్పరు. అమెరికాలో హైస్కూలు పై తరగతుల పిల్లలు, కాలేజీలో చదవవలసిన పాఠాలను ముందుగానే బడిలో చదువుకునే ఏర్పాటు ఒకటి ఉన్నది. దానిని "అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్" అంటారు. ఈ పరీక్షలు 1956లో మొదలయాయి. 1 నుంచి 5 వరకు మార్కు వేస్తారు. మంచి మార్కు వస్తే చాలా కాలేజీలు ఆ చదువును తమ లెక్కలో జమ చేసుకుంటాయి. ఫ్రెంచి, స్పానిష్, జర్మన్ వంటి భాషలతోపాటు, చైనా భాషకూ జపాను భాషకూ కూడా 2007లో ఈ పరీక్ష పెట్టారు. ఆ పాఠానికి ఉన్న పేరు చూడండి: "జపాను భాష, సంస్కృతి". పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు జపాను భాష చదివి, విని, రాసి, మాట్లాడటమే కాక, ఆ దేశపువాళ్ళు ఎలా బతుకుతారో, ఏ పని ఎందుకు చేస్తారో కూడా తెలుసుకోవాలి.

ఇది సులభమైన పని కాదు. రాయబార కార్యాలయాల్లో పనిచేయబోయేవారికి భాషలు నేర్పటానికి అమెరికా ప్రభుత్వం ఒక విద్యాలయం నడుపుతున్నది. ఇంగ్లీషు మాతృభాష అయినవారు స్పానిష్ భాషలో గట్టిపడాలంటే 600 నుంచి 750 గంటల పాఠాలు కావాలనీ, జపాను భాషకైతే 2,200 గంటలు కావాలనీ ఆ విద్యాలయం వారు లెక్క కట్టారు.

అయితే, ఈ లెక్క ఎవరికి? ఇంగ్లీషు ఇంట పుట్టినవారికి! తెలుగు ఇంట పుట్టిన మీరు బయలుదేరే చోటు వేరు. అదేమిటో చూద్దాం.

"నేను అన్నం తింటాను" అని మనం అంటాం. ఇంగ్లీషువాడు "నేను తింటాను అన్నం" అనే వరసలో చెబుతాడు. జపానువాడు "వతాషి వ గొహన్ ఒ తబెమసు" అంటాడు. వతాషి అంటే నేను, గొహన్ అంటే అన్నం, తబెమసు అంటే తింటాను. క్రియ మనలాగే చివరికి వచ్చింది. మధ్యనున్న "ఒ" అనేది, మనం "పుస్తకాన్ని", "పండును" అన్నప్పుడు పేరు చివర చేర్చే ని, ను వంటిది. మనకు అలవాటైన దారినే జపాను వాక్యం నడుస్తుంది. పైగా నేను తిన్నా, నీవు తిన్నా, వాడు తిన్నా అక్కడ "తబెమసు" అన్న ఒక్క మాటే. తింటాను, తింటావు, తింటాడు అని మార్చే పని లేదు!

ఆ "గొహన్" సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. పొలంలో ఉన్న పైరు మనకు వరి; దంచి తెచ్చుకుంటే బియ్యం; వండితే అన్నం. జపానులో కూడా పైరు "ఇనె", బియ్యం "కొమె", అన్నం "గొహన్". ఇంగ్లీషువారు సామాన్యంగా ఈ మూడింటినీ ఒకే పేరుతో పిలుస్తారు. అంతేకాదు, "అన్నం తిన్నావా?" అని మనం అడిగితే భోజనం అయిందా అని అర్థం గదా! జపానులోనూ గొహన్ అంటే అన్నమూ అవుతుంది, భోజనమూ అవుతుంది. వరి పండించి బతికిన రెండు జాతులు ఒకరినొకరు చూడకుండానే ఒకేలాగా మాట్లాడుకున్నాయి.

అన్ననూ తమ్ముణ్ణీ ఇంగ్లీషులో ఒకే మాటతో చెబుతారు. జపానువారికి మనలాగే వేరువేరు మాటలున్నాయి. అక్క "అనె", చెల్లెలు "ఇమోతొ". మనం వస్తువులను ఒకటి, రెండు అనీ, మనుషులను ఒకరు, ఇద్దరు, ముగ్గురు అనీ లెక్కపెడతాం. జపానులోనూ మనుషులకు "హితొరి, ఫుతరి, సన్నిన్" అని వేరే లెక్క. వాళ్ళు ఇంకా ముందుకు పోయి, పెన్సిళ్ళ వంటి పొడుగు వస్తువులకు ఒక లెక్కా, కాగితాల వంటి పలచని వస్తువులకు మరొక లెక్కా పెట్టుకున్నారు.

ఇక అక్షరాలు. వాళ్ళ అక్షరమాల "అ ఇ ఉ ఎ ఒ" అని మొదలై, "క స త న హ మ య ర వ" అని సాగుతుంది. మన "క చ ట త ప, య ర ల వ" గుర్తుకు రావటం లేదూ? ఇది కాకతాళీయం కాదు. బౌద్ధమతంతోపాటు సంస్కృతం జపాను చేరింది. 736లో బోధిసేనుడనే భారతీయ భిక్షువు అక్కడికి వెళ్ళాడు. నారా నగరంలోని మహాబుద్ధ విగ్రహానికి 752లో నేత్రోన్మీలనం చేసినవాడు ఆయనే. 806లో కూకై అనే జపాను సన్యాసి చైనా నుంచి సంస్కృత గ్రంథాలు తెచ్చాడు. సిద్ధం అనే మన పాత లిపిని అక్కడి భిక్షువులు శ్రద్ధగా చదివారు. తరవాతి శతాబ్దాల్లో వాళ్ళు తమ అక్షరాలను మన వరసలో పేర్చుకున్నారు. మన "ప" ఉండవలసిన చోట వాళ్ళకు "హ" ఉన్నదేమిటంటారా? ఆ "హ"ను పూర్వం "ప" అనే పలికేవారని పండితులు తేల్చారు.

కాని కష్టం లేకపోలేదు. ఈ అక్షరాలను హిరగానా, కతకానా అని రెండు విధాల రాస్తారు. ఇవి కాక చైనా నుంచి వచ్చిన "కంజి" అనే గుర్తులున్నాయి. జపాను పిల్లలు ప్రాథమిక పాఠశాల దాటేసరికి 1,026 కంజి నేర్వాలి. పెద్దల వాడుకకు ప్రభుత్వం 2010లో నిర్ణయించిన పట్టికలో 2,136 ఉన్నాయి. వీటికి దగ్గర దారి లేదు, రోజూ రాయవలసిందే.

అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. భాష మనలాగే ఉన్నది గదా అని మర్యాద కూడా మనలాగే ఉంటుందనుకుంటే బోల్తా పడతాం. జపానులో పేరు చివర "సన్" అంటే మన "గారు". మనలాగే వాళ్ళు తమ పేరుకు దానిని తగిలించుకోరు. ఇంతవరకు బాగానే ఉన్నది. మనం మేష్టారితో, "మా నాన్నగారు ఊరు వెళ్ళారండీ," అంటాం. జపాను పిల్లవాడు ఇంట్లో తండ్రిని "ఒతోసన్" అని గౌరవంగానే పిలుస్తాడు. కాని బయటివారితో చెప్పేటప్పుడు "చిచి" అని సాదా మాట వాడతాడు. ఎదుటివారి తండ్రిని మాత్రం "ఒతోసన్" అంటాడు. అది తండ్రిని తక్కువ చెయ్యటం కాదు. మన ఇంటివారూ మనమూ ఒకటే గనక, బయటివారి ముందు మనవారిని హెచ్చుగా చెప్పుకోరాదని వాళ్ళ మర్యాద. తండ్రికి "గారు" చేర్చకపోవటం మనకు తప్పు. చేర్చటం వాళ్ళకు తప్పు!

ఇంకొకటి. "హై" అంటే "అవును" అని పుస్తకాల్లో ఉంటుంది. జపానువాడు మీ మాట వింటూ మాటిమాటికీ "హై, హై" అంటే ఒప్పుకున్నాడని సంతోషించకండి. కథ వింటూ మీరు "ఊఁ" కొట్టటం లేదూ? అదీ అంతే. వింటున్నాడు, ఒప్పుకున్నదీ లేనిదీ తరవాత తెలుస్తుంది. ఈ సంగతి తెలియక పొరబడిన విదేశీయులు చాలామంది.

జపాను భాష నేర్చుకోవాలంటే అమెరికా వెళ్ళనక్కరలేదు. హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో జపాను భాష కూడా చెబుతారు. 1958లో ఇంగ్లీషు బోధనకోసం పుట్టిన ఆ సంస్థ 2007లో విశ్వవిద్యాలయమయింది. విదేశీయులు జపాను భాషలో తమ శక్తి తెలుసుకోవటానికి 1984 నుంచి వేరే పరీక్ష ఉన్నది. దానికి ఇప్పుడు అయిదు మెట్లు.

పరభాష రావాలంటే ఇంట్లో తెలుగు తగ్గించాలేమోనని కొందరు తల్లిదండ్రులు అనుకుంటారు. పైన చెప్పిన పోలికలన్నీ ఎవరికి కనిపిస్తాయి? వరి, బియ్యం, అన్నం వేరని ఎరిగినవారికి. వెళ్ళివస్తాననటం అలవాటైనవారికి. ఇంట్లో మాట్లాడే తెలుగే వాళ్ళకు మొదటి నిచ్చెన అవుతుంది.

మీరు ఏ భాష మొదలుపెట్టినా సరే, ఒక నోటుపుస్తకంలో నిలువుగీత గీయండి. ఒకవైపు "మనలాగే" అనీ, రెండోవైపు "మనలా కాదు" అనీ రాసి, నేర్చిన ప్రతి మాటనూ ఏదో ఒకవైపు చేర్చండి. మొదటి వరస భాషను తేలిక చేస్తుంది. రెండో వరస ఎక్కువ జాగ్రత్తగా చదవండి. ఆ మనుషులు మీకు తెలిసేది అక్కడే.